పెత్తనం ఒకరిది, తాళం చెవి ఇంకొకరిది

భద్రాచలం

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీర్వదించి రాయునది. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది, నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. 

మీ షెడ్డులో ఎవరి పని ఏమిటో గీసి నువ్వు ఫోన్లో పంపిన పటం చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పైన ఒక గడి, దాని కింద నాలుగు, వాటి కింద ఏడు. ఎండీ, మార్కెటింగ్ హెడ్, ఫైనాన్స్, క్వాలిటీ, హెచ్‌ఆర్. మొత్తం పన్నెండు గడులు గీస్తే అయిదింట్లో నీ పేరే ఉంది. హెచ్‌ఆర్ గడిలో మీ పెద్దమ్మను పెట్టావు. ఆ సంగతి ఆమెకు చెప్పావా? చెప్పి ఉంటే ఈపాటికి నాకు ఫోన్ వచ్చేది.

నవ్వుతున్నానని అనుకోకు. ఇరవై నాలుగేళ్ల పిల్లవి, డిగ్రీ అయ్యాక కొత్తగూడెంలో ఉద్యోగం వెతుక్కోకుండా ఊరికొచ్చి, నీతో కలిపి పన్నెండు మంది ఉన్న సంఘంతో షెడ్డులో ఇప్పపువ్వు లడ్డూలూ, గింజ తీసిన చింతపండూ చేసి అమ్ముతున్నావు. ఎవరి పని ఏమిటో తేల్చుకోవాలన్న ఆలోచన నీకు రావడమే గొప్ప. చాలామందికి అది గొడవలయ్యాక వస్తుంది. అయితే ఆ పటం పెద్ద కంపెనీలది. వాళ్లు ముందు కుర్చీ వేసి, తర్వాత మనిషిని వెతుక్కుంటారు. మీ దగ్గర మనుషులు ముందే ఉన్నారు, పనీ నడుస్తోంది. అందుకని మనుషుల పేర్లు కాసేపు పక్కన పెట్టు. ముందు పనుల పేర్లు రాయి.

చెట్టు కింద పువ్వు ఏరింది మొదలు, ఇక్కడ గుడి దగ్గర దుకాణంలో డబ్బా అమ్ముడుపోయేదాకా ఆ పువ్వు ఎన్ని చేతులు మారుతుందో రాయి. ఊళ్లలో కొనడం, తూకం వేయడం, డబ్బు ఇవ్వడం, ఎండబెట్టడం, కేసరాలు దులపడం, ఇసుక పోయేలా కడిగి మళ్లీ ఆరబెట్టడం, వేయించడం, బెల్లం, నువ్వులు, పల్లీలు కలిపి పొడి చేయడం, ఉండ కట్టడం, డబ్బాలో సర్ది తేదీ వేయడం, బస్సుకు ఎక్కించడం, దుకాణం నుంచి బాకీ వసూలు చేయడం, లెక్క రాయడం. ఒక్కో పనీ ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరుచు. అప్పుడు పన్నెండు మందినీ కూర్చోబెట్టి, ఇప్పుడు ఏ పని ఎవరు చేస్తున్నారో వాళ్ల చేతే ఆ చీటీల మీద రాళ్లు పెట్టించు. కొన్ని చీటీల మీద నాలుగు రాళ్లు పడతాయి. కొన్నిటి మీద ఒక్కటీ పడదు. రాయి పడని చీటీలు చూసుకో, మీ తగాదాలన్నీ అక్కడే ఉంటాయి.

కిందటి నెల నేనొచ్చినప్పుడు చూశాను కదా. దుకాణం వాడు ఫోన్ చేసి లడ్డూ నమిలితే ఇసుక తగులుతోందన్నాడు. నువ్వు ఫోన్ పెట్టేసి అందరి వైపూ చూశావు. అందరూ ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత అరగంట సేపు షెడ్డులో నడిచింది లడ్డూ ముచ్చట కాదు, ఎప్పటివో పాత కక్షలు. కడిగిన గంపకు ఒక చీటీ కట్టి, దాని మీద కడిగినవాళ్ల పేరూ, తేదీ, ఒక అంకె రాసి, ఆ అంకెనే డబ్బా మీద వేసి ఉంటే అరగంట రాద్ధాంతం అయిదు నిమిషాల్లో తేలేది. ఎవర్నో తిట్టడానికి కాదు. ఆ రోజు బోరు చెడిపోయి ఒక్కసారే నీళ్లు పోసి కడిగారన్న సంగతి అప్పుడు బయటికొచ్చేది. డబ్బా మీద బ్యాచ్ నంబరు ఉండాలని ఆహార భద్రత నిబంధనలు ఎలాగూ చెబుతాయి. సర్కారు కోసం వేసే ఆ నంబరును మీ కోసం కూడా వాడుకోండి.

ఇంకో సంగతి. నీ పటంలో నెలలు లేవు. పట్నం కంపెనీకి చైత్రమైనా, శ్రావణమైనా ఒకటే. మనకు కాదు. మార్చి చివర్లో ఇప్ప రాలడం మొదలైతే తెల్లారకముందే మీ పన్నెండు మందీ చెట్ల కింద ఉంటారు. అది ముగిసేసరికి తునికాకు. యాభై ఆకుల కట్ట, వెయ్యి కట్టల బస్తా, కళ్లం దగ్గర చేతికి డబ్బు. ఆ వారాల్లో ఆకు కోతను కాదని షెడ్డుకు రమ్మంటే ఎవరూ రారు, రాకపోవడమే న్యాయం. తొలకరి పడ్డాక ఇప్ప పలుకు, వరి నాట్లు. చలికాలంలో ఉసిరి, తర్వాత కుంకుళ్లు, చింతపండు. కాబట్టి నీకు రెండు పటాలు కావాలి. ఎండాకాలంలో మీది కొనుగోలు సంస్థ. తూకం, చెల్లింపు, ఆరబోత, నిల్వ, అంతే. లడ్డూ పని ఇద్దరితో సరిపెట్టాలి. వానాకాలం నుంచి మీది తయారీ సంస్థ. అప్పుడు వేయించేవాళ్లు, ఉండ కట్టేవాళ్లు, అమ్మకం చూసేవాళ్లు ముఖ్యం. శ్రీరామనవమికీ, ముక్కోటికీ ఇక్కడికొచ్చే జనానికి సరిపడా సరుకు కావాలంటే ఆ పని నెల ముందు ఎవరి నెత్తిన పడుతుందో కూడా రాసుకోవాలి. నవమి వచ్చేది సరిగ్గా మీ మనుషులంతా అడవిలో ఉండే రోజుల్లో. ఈ ఇరకాటం సంగతి మీ పుస్తకాల్లో ఎవరూ రాయరు.

ఇక డబ్బు. ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తాను, జీవితమంతా చేసిన పని అదే కాబట్టి.

తూకం వేసే చెయ్యి, డబ్బిచ్చే చెయ్యి, పుస్తకం రాసే చెయ్యి ఒక్కరివే కాకూడదు. మీ షెడ్డులో మూడూ నీవే. నువ్వు దొంగవని కాదు తల్లీ. నీ మంచితనం మీద నాకు అనుమానం ఉంటే ఈ ఉత్తరమే రాయను. కానీ నేను లెక్కలు రాసిన ఒక చోట ఒకే మనిషి కాటా దగ్గర నిలబడి, తనే చీటీ రాసి, తనే నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. చాలా ఏళ్లు అతని మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఒక ఏడు సరుకు తడిసి తూకం తగ్గింది. ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో చెప్పడానికి రెండో సాక్షి లేడు. అతను తిన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరు మాత్రం తిన్నాడనే అనుకుంది. పక్కన ఇంకో మనిషి సంతకం ఉండి ఉంటే ముందు అతనే బతికిపోయేవాడు.

మన భద్రాచల రామదాసు, ఆ గోపన్న గారినే చూడు. భక్తి సంగతి పక్కన పెట్టి ఒక్క నిమిషం లెక్కలవాడి కళ్లతో చూడు, రాముడేమీ అనుకోడు. పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు వసూలు చేసిందీ ఆయనే, ఆ సొమ్ముతో ఇక్కడి రాముడి గుడి కట్టించిందీ ఆయనే. మధ్యలో మంజూరు చేసినవాళ్లు లేరు, తనిఖీ చేసినవాళ్లు లేరు. గోల్కొండ సుల్తాను తానీషాకు లెక్క తేలక ఆయన్ని ఖైదులో వేశారు, పన్నెండేళ్లు. జైల్లో ఉండి ఆయన కట్టుకున్న పాటల్లో ఏ నగకు ఎంత పట్టిందో కూడా ఉంటుంది. అంటే లెక్క ఆయన దగ్గర ఉంది, చెప్పాల్సిన వేళ చెప్పించుకునే ఏర్పాటు లేదు. ఆయన బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు దిగివచ్చారని చెప్పుకుంటాం. మీ షెడ్డుకు ఎవరూ దిగిరారు.

అందుకని తూకం ఒకరు, చెల్లింపు ఒకరు, పుస్తకం ఇంకొకరు. తూకం వేసినామె చీటీ మీద కిలోలు రాస్తుంది, డబ్బిచ్చే ఆమె ఆ చీటీ చూసి ఇస్తుంది, పుస్తకం రాసే ఆమె సాయంత్రం చీటీలు, మిగిలిన నగదు కలిపి చూస్తుంది. స్టాకు రిజిస్టరు కూడా నగదు పుస్తకం అంత శ్రద్ధగా రాయండి. ఇప్పపువ్వు బస్తాలు కనిపిస్తే ఎక్సైజు వాళ్లకు లడ్డూ గుర్తుకు రాదు, సారా గుర్తుకొస్తుంది. ఎంత కొన్నాం, ఎంత లడ్డూ అయింది, ఎంత మిగిలింది అని పుస్తకం తెరిచి చూపిస్తే ముచ్చట పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇంకొకటి. మీ షెడ్డు గోడకు అంటించిన ఫోన్‌పే స్కానర్ చూశాను. స్కాన్ చేస్తే నీ పేరు వస్తోంది. కొన్నవాళ్లు కట్టిన డబ్బు నీ సొంత ఖాతాలో పడుతోంది, అందులోంచే నువ్వు బెల్లం కొంటున్నావు, అందులోంచే మీ తమ్ముడి ఫీజు కడుతున్నావు. ఏది ఎవరిదో నీకు కంఠతా ఉండొచ్చు. మిగతా పదకొండు మందికి నీ కంఠం పాసు పుస్తకం కాదు కదా. ఈ వారమే గ్రూపు పేరు మీద ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా పెట్టి, స్కానర్ మార్చు. మిగతావన్నీ నెమ్మదిగా చేసినా, ఇది మాత్రం నాన్చకు.

మీ షెడ్డులో అసలు చిక్కు వావి వరసలది. పన్నెండు మందిలో ఒకరు నీకు పెద్దమ్మ, ఇద్దరు అత్తలు, ఒకామె నీకు చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించిన మనిషి. వాళ్లు వేయించింది మాడిందని నువ్వెలా అంటావు? అనలేక నువ్వు రాత్రి కూర్చుని మాడిన పువ్వు ఏరుతున్నావని మీ అమ్మ చెప్పింది. అది పెద్దరికానికి మర్యాద కాదు, ఇద్దరికీ నష్టం. మన గూడెంలోనే చూడు, పటేలు ఒకరు, పూజారి ఒకరు. పండుగ వేళ పూజారి చెప్పినట్టు పటేలు వింటాడు, ఊరి తగువులో పటేలు చెప్పినట్టు పూజారి వింటాడు. ఇద్దరూ మామా అల్లుళ్లయినా అంతే. ఇది మనవాళ్లకు కొత్త విద్యేమీ కాదు.

షెడ్డులో దాన్నే కాగితం మీద పెట్టు. మాడిందా లేదా అని చూసే పని నీది కాకుండా చెయ్యి. వేయించిన వాయిని ప్యాకింగ్ దగ్గర కూర్చునే ఆమె రుచి చూస్తుంది, బాగుంటేనే తీసుకుంటుంది, లేకపోతే పక్కన పెట్టి పుస్తకంలో రాస్తుంది. మాడిన సరుకు డబ్బాలోకి పోతే మాట పడేది ఆమె కాబట్టి ఆమె మొహమాట పడదు. నువ్వు అత్తను ఏమీ అనక్కర్లేదు. ఇంటి దగ్గర అత్త అత్తే, కాళ్లకు దండం పెట్టు. మూకుడు దగ్గర మాత్రం రాసుకున్న మాటే మాట.

నిర్ణయాల సంగతి కూడా ఇలాగే తేల్చుకో. ఇప్పుడు ప్రతిదానికీ నిన్నే అడుగుతున్నారు. గోనె సంచులు కొనాలన్నా నిన్నే, ఆటోకు ఎంతివ్వాలన్నా నిన్నే. నువ్వు గిరిజన అభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏ, ఆఫీసుకని ఇక్కడికొస్తే ఆ పూట అక్కడ పని ఆగిపోతోంది. నీకు నాలుగు రోజులు మలేరియా వస్తే? మన వైపు అది వింతేమీ కాదు కదా. ఎంత ఖర్చు వరకు ఎవరు సొంతంగా చేయొచ్చో, ఎంత దాటితే ఇద్దరు మాట్లాడుకోవాలో, ఎంత దాటితే అందరూ కూర్చోవాలో అంకెల్లో రాయండి. గోదావరి విషయంలో సర్కారు చేసింది ఇదే కదా. ఇక్కడ నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అంకెకు ఏం చేయాలో ఒడ్డున ఉన్నవాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ముందే సామాను కదిలించుకున్నవాళ్లు ఎవరో, ఎవరో ఒకరు చెబుతారులే అని చూసినవాళ్లు ఎవరో మనం కళ్లారా చూశాం. నీ షెడ్డు ఏటి ఒడ్డునే ఉంది. మొదటి హెచ్చరిక మాట వినగానే బస్తాలు అటక మీదికి ఎక్కించాలని, ఆ పని ఫలానా ఇద్దరిదని, వాళ్లు నీ ఫోన్ కోసం చూడనక్కర్లేదని వానలకు ముందే రాసి గోడకు అంటించు.

కూలీ గురించి అడిగావు. అందరికీ సమానంగా పంచుతున్నామని గర్వంగా రాశావు. వినడానికి బాగానే ఉంది. నెలలో ఇరవై రోజులు వచ్చినామెకూ, ఆరు రోజులు వచ్చినామెకూ ఒకే వాటా ఇస్తే, ఇరవై రోజులు వచ్చే ఆమె మూడో నెలకు ఆరు రోజులే వస్తుంది. అది ఆమె తప్పు కాదు. మీలో ప్రతి మనిషికీ రెండు వేషాలు ఉన్నాయి. మీటింగులో యజమాని, మూకుడు దగ్గర పనిమనిషి. పని చేసిన రోజుకు కూలీ వేరు. ఉండ కట్టడం లాంటి పనికి కిలో లెక్కన ఇవ్వొచ్చు. సంవత్సరం ఆఖర్న మిగిలిన లాభంలో వాటా వేరు. దాన్ని కూడా ఎవరు ఎంత పని చేశారు, ఎంత సరుకు తెచ్చారు అన్నదాన్ని బట్టి పంచుకోవచ్చు. ఓటు మాత్రం మనిషికొకటి. నీకూ కూలీ రాసుకో. ఊరికే చేస్తున్నాను అనే మనిషిని ఎవరూ లెక్క అడగలేరు, అది ఆ మనిషికీ మంచిది కాదు.

ఇక రిజిస్ట్రేషన్. కంపెనీ పెట్టేద్దామా మామయ్యా అని అడిగావు. తొందరపడకు, కానీ ఏమేం దారులు ఉన్నాయో తెలుసుకో. ఇప్పుడు మీరు పొదుపు సంఘం. సంఘం ఇరవై మంది దాటకూడదని పెట్టడం వెనక పాత 1956 కంపెనీల చట్టం ఉంది. లాభం కోసం వ్యాపారం చేసేవాళ్లు ఇరవై మంది దాటితే రిజిస్టర్ చేసుకోవాలని అప్పట్లో ఆ చట్టం చెప్పేది. పన్నెండు మందికి ఆ బెంగ లేదు. ఇలాంటి సంఘాలు పదిహేను కలిస్తే వన్‌ధన్ కేంద్రం అవుతుంది, మూడు వందల మందికి సర్కారు పదిహేను లక్షలు ఇచ్చే లెక్కన. దీని మొదటి కేంద్రాన్ని 2018 ఏప్రిల్ 14న తెరిచింది మన చర్ల అవతల, బీజాపూర్‌లోనే. అందులో చేరితే మిషన్లు, శిక్షణ దొరుకుతాయి. అయితే మూడు వందల మందిలో మీ పన్నెండు మంది మాట ఎంత చెల్లుతుందో ముందే అడిగి చేరాలి.

ఇంకా పెరిగితే మ్యాక్స్ సొసైటీ, అంటే పరస్పర సహాయ సహకార సంఘం, ఉంది. పాత సహకార చట్టం కింద సర్కారు వాటా పెట్టేది, దాంతోపాటే పెత్తనమూ వచ్చేది. పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టడం మా కాలంలో మామూలే. 1995 మ్యాక్స్ చట్టంతో సర్కారు వాటా లేకుండా సభ్యులే పెట్టుబడి పెట్టుకుని, సభ్యులే నియమాలు రాసుకునే వీలొచ్చింది. 2002లో ఉత్పత్తిదారుల కంపెనీ వచ్చింది. పదిమంది ఉత్పత్తిదారులు ఉంటే చాలు, డైరెక్టర్లు అయిదుగురికి తగ్గకూడదు, పదిహేను మందికి మించకూడదు. ఆ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. కంపెనీ రోజువారీ వ్యవహారం చూసే ముఖ్య అధికారి పూర్తికాలం ఉండాలి, సభ్యుల్లోంచి ఉండకూడదు. అంటే యజమాని వేరు, నడిపేవాళ్లు వేరు అని చట్టమే గీత గీసింది. కానీ ఆ జీతం ఎక్కడి నుంచి తెస్తావు? ఆడిటరు ఫీజు, ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలు, ఆలస్యమైతే జరిమానాలు. మీ అమ్మకాలు ఆ ఖర్చు మోయగలిగే రోజు వచ్చాక చూద్దాం. ఇప్పటికి సంఘంగానే ఉండి, పుస్తకాలు మాత్రం రేపు సొసైటీ కాబోయేవాళ్లలా రాయండి.

కుదిరితే ఒకసారి ములుకనూరు చూసి రా. అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు 1956లో పుట్టింది. 2002లో ఆడవాళ్లు సొంత డెయిరీ పెట్టుకున్నారు. నువ్వు చూడాల్సింది పాల ప్యాకెట్లు కాదు, బోర్డు గది. అందులో కూర్చునేది పాలు పోసే ఆడవాళ్లు. యంత్రాల దగ్గర, లెక్కల దగ్గర ఉండేది జీతగాళ్లు. జీతగాడికి చదువు ఎక్కువ ఉండొచ్చు, ఇంగ్లిషు రావొచ్చు, అయినా జవాబు చెప్పేది ఆ ఆడవాళ్లకే. మీ షెడ్డులో చదువుకున్నది నువ్వొక్కదానివే కాబట్టి ఇది నువ్వు దగ్గర కూర్చుని చూడాలి. చదువున్న మనిషి చేతిలోకి పెత్తనం దానంతటదే జారిపోతుంది, ఎవరూ లాక్కోనక్కర్లేదు.

భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ బిస్కెట్లు లండన్ దాకా పోతున్నాయని 2025 జూన్‌లో ప్రధాని రేడియోలో చెప్పినప్పటి నుంచి మీవాళ్లు కూడా లండన్ లండన్ అంటున్నారట. మన భద్రాచలం ఆడవాళ్ల సరుకు అంత దూరం పోవడం నాకూ సంతోషమే. ముందు మీ డబ్బాలు చర్ల నుంచి భద్రాచలానికి చెప్పిన రోజుకు చేరనీ.

భద్రాచలం వ్యాపారి ముచ్చట చివరికి దాచాను, ఎందుకంటే దాని మీద నాకు కోపం వస్తుంది. పెట్టుబడి, మిషన్లు తనవి, పేరు, షెడ్డు మీవి, లాభం సగం సగం, కాగితం మీద భాగస్వామ్యం అన్నాడని రాశావు. మంచివాడే అయి ఉండొచ్చు. కానీ ఏజెన్సీలో ఈ పాట మనం ఎప్పటి నుంచో వింటున్నాం. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా పెట్టిన 1959 భూబదలాయింపు నిబంధనలనూ, వాటికి 1970లో వచ్చిన సవరణనూ, అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేదాన్ని, దాటడానికి గిరిజనేతరులు ఎన్నిసార్లు గిరిజనుల పేర్లు వాడుకున్నారో నీకు మీ తాత చెప్పేవాడు. భూమి పట్టా మనది, పంట వాళ్లది. లైసెన్సు మనది, లారీ వాళ్లది. పైగా 1932 భాగస్వామ్య చట్టం కింద వ్యాపారం పేరు మీద ఒక భాగస్వామి చేసిన అప్పుకు మిగతావాళ్లంతా బాధ్యులే. వాడు హైదరాబాదులో సంతకం పెడితే ఆ అప్పు మీ పెద్దమ్మ మేకల దాకా వస్తుంది.

అలాగని అతనితో వ్యాపారమే వద్దని కాదు. సరుకు అమ్ము. కిలోకు ఇంత, డబ్బు ఫలానా రోజుకు, సగం ముందు. కొనుగోలుదారుగా రానీ, ఇంటి మనిషిగా వద్దు. ఈ నిర్ణయం నువ్వొక్కదానివే తీసుకోకు. పన్నెండు మందినీ కూర్చోబెట్టి, అతను చెప్పింది చదివి వినిపించి, వద్దన్నా సరే, కావాలన్నా సరే, తీర్మానాల పుస్తకంలో రాసి అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించు. అదే పుస్తకం అతనికి చూపించు. ఇంకెప్పుడూ నిన్ను పక్కకు పిలిచి మాట్లాడడు.

అడవి సరుకు ఊళ్లలో నేరుగా కొనొచ్చా అన్నావు. 1979 నిబంధనలతో ఏజెన్సీలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, చేతిలో ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఏరుకున్న సరుకు మీద ఏరినవాళ్లకే హక్కు. తునికాకు జోలికి మాత్రం పోకు, దాని దారి వేరు. మిగతా సరుకుల్లో ఏది కొంటున్నారో పేరుపేరునా రాసి, గ్రామసభ తీర్మానంతో ఐటీడీఏకు ఒక దరఖాస్తు పెట్టి, జవాబు కాగితం మీదే తీసుకో. నోటి మాట నమ్ముకుంటే అధికారి బదిలీతోపాటే ఆ మాటా బదిలీ అవుతుంది.

నగదు పెట్టెకు రెండు తాళాలు వేయిస్తున్నాను, వచ్చే వారం తెలిసిన డ్రైవరు చేత బస్సులో పంపుతాను. ఒక తాళం చెవి డబ్బు ఇచ్చే ఆమె దగ్గర ఉంటుంది. రెండోది నీ దగ్గరే ఉండాలా, మీ అమ్మ దగ్గరా అని అడిగావు. ఇద్దరి దగ్గరా వద్దు. ప్రతి మీటింగులో నీ మాటకు అడ్డు తగులుతుందని, ప్రతి రూపాయికీ ఎందుకు ఏమిటని గుచ్చి గుచ్చి అడుగుతుందని నువ్వు కన్నీళ్లు పెట్టుకుని చెప్పావే, చివరింటి ఆమె, ఆమెకివ్వు. ఆర్నెల్ల తర్వాత మార్చుకుందురు గానీ.

మీ అత్తయ్య రెండు డబ్బాల లడ్డూలు పంపమంటోంది. బిల్లు రాసి పంపు, డబ్బు గ్రూపు ఖాతాలో వేస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య